సర్టిఫికెట్ ఇచ్చేది మనమే అయినప్పుడు

అమెరికాలోని టెక్సాస్‌లో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్న మన తెలుగువాళ్లకు, బిడ్డ తొమ్మిదో గ్రేడుకు రాగానే ఒక దిగులు పట్టుకుంటుంది. స్కూలే లేదు, డిప్లొమా ఎవరిస్తారు? ఇచ్చినా కాలేజీవాళ్లు నమ్ముతారా? ముద్ర పడిన కాగితమే చదువుకు రుజువనుకుంటూ పెరిగినవాళ్లం, ఆ భయం మనకు సహజమే.

నిజానికి అంత భయం అక్కర్లేదు. ఇంటి చదువు ప్రైవేటు స్కూలు చదువుతో సమానమేనని 1994లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, పౌరధర్మం శ్రద్ధగా నేర్పితే చాలు. డిప్లొమా తల్లిదండ్రులే ఇవ్వవచ్చు. ఈ పిల్లల్ని తక్కిన విద్యార్థులతో సమానంగా చూడాలని అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలకు చట్టమే చెబుతోంది.

అయితే డిప్లొమా మీద సంతకం పెట్టడం సులువు. కాలేజీవాళ్లు తిరగేసేది ట్రాన్‌స్క్రిప్టు, అంటే చదివిన కోర్సుల, గ్రేడుల పట్టిక. నాలుగేళ్ల చదువును చివరి ఏడాదిలో గుర్తు తెచ్చుకుని రాయబోతే సగం మరుగునపడిపోతుంది. అందుకే వారానికో అరగంట కేటాయిద్దాం. కోర్సు పేరు, చదివిన పుస్తకాలు, పట్టిన గంటలు, వచ్చిన గ్రేడు రాసుకుందాం. సుమారు 120 గంటల చదువును ఒక క్రెడిట్‌గా లెక్కించడం వాడుక. మంచి వ్యాసాలు, ల్యాబ్ నోట్సు తేదీ వేసి దాచుకుందాం. అమ్మ వేసిన మార్కులే కాక శాట్ స్కోరో, కమ్యూనిటీ కాలేజీలో చేసిన కోర్సో తోడుంటే నమ్మకం పెరుగుతుంది.

ఈ హడావిడిలో బిడ్డ మనసును మరిచిపోకూడదు. ఎవరింటికో భోజనానికి వెళ్తే "ఏ స్కూలమ్మా?" అని అడుగుతారు. ఆ పిల్ల ఒక్క క్షణం తడబడుతుంది. నాది అసలు చదువేనా అన్న సందేహం లోపల ఉంటుంది. తనకు తెలియకుండా మనం రాసే రికార్డు ఆ సందేహాన్ని పెంచుతుంది. తానే రాసుకుంటే తన కష్టం తనకే కనిపిస్తుంది.

ఇంకొక్క మాట, నొచ్చుకోకండి. ప్రేమకొద్దీ 'బీ' గ్రేడును 'ఏ'గా మారిస్తే, అది అబద్ధమని ముందు తెలిసేది బిడ్డకే. తన అసలు బలం అమ్మానాన్నలకు చాలలేదని అర్థం చేసుకుంటుంది. ఉన్న గ్రేడే వేసి, ఎక్కడ తడబడిందో కలిసి చూద్దాం.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మొదటి పేజీ తన చేతే రాయించండి. దస్తూరి బాగోలేదని మాత్రం అనకండి.