కఱవు కాలమున దానధర్మ నిర్వహణము

దానము చేయుట కంటె దానిని నిలుపుట కష్టము. పంట పండిన యేడు పది చేతులు ముందుకు వచ్చును. వాన తప్పిన యేడు ఆ చేతులే ముడుచుకొనును. ఆకలి హెచ్చునది ఆ యేడే. నెల్లూరు జిల్లా పడమటి మెట్టసీమ యైన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల వారికి ఈ సత్యమును వేరుగా చెప్పనక్కరలేదు. పెన్నపై సోమశిల జలాశయము సమీపముననే యున్నను, ఇచ్చటి పొలములలో అనేకము నేటికిని చెరువులను, వానలను నమ్ముకొన్నవే. అన్నదానములకు తోడ్పడు వర్తకులు, కంపెనీలు గడ్డుకాలమున ఆ కైంకర్యమును నిలుపుట యెట్లు? దీనికి సమాధానము మన దేవాలయ చరిత్రలోనే కలదు.

శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి ఉదయగిరి దుర్గమును గైకొనెను. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి 1515లో ప్రతిష్ఠింపజేసెను. ఉదయగిరి విజయానంతరము 1514 జులై 6వ తేదీన తిరుమల శ్రీవారికి 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకము చేసెను. ఇది రాజులకు తగిన దానము. సామాన్య గృహస్థులు, వర్తకులు నేర్వదగిన పద్ధతి మరియొకటి ఆనాటి తిరుమల శాసనములలో కనబడును. నిత్య నైవేద్యమునకై భక్తుడు సమర్పించిన ధనమును ఆలయాధికారులు నేరుగా వ్యయము చేయక, ఆలయ గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించుటకు వినియోగించెడివారు. హెచ్చిన పంటతో నైవేద్యము జరిగెడిది. దాత యిచ్చిన ధనము నీరై, పంటయై, ప్రసాదమై యేటేట తిరిగి వచ్చెడిది.

ఈ సూత్రమే నేటి కాలమునకు తగిన రూపము దాల్చినది. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న ప్రారంభమైన నిత్యాన్నదాన పథకమున విరాళములను బ్యాంకులలో నిలువయుంచి, వడ్డీని అన్నదానమునకు వినియోగించు ఏర్పాటు జరిగినది. 2020 మార్చి 20 నుండి జూన్ ఆరంభము వరకు మహమ్మారి కారణమున భక్తులకు దర్శనము నిలిచిపోయినది. అట్టి నెలలలో నిలువధనము విలువ యేమో ప్రతి ధర్మసంస్థకును తెలిసివచ్చినది.

కంపెనీల విషయమునను గమనింపదగిన దొకటి కలదు. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నిర్ణీత పరిమితికి చేరిన కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో కనీసము 2 శాతము సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. సగటు లెక్క గనుక, ఒక్క చెడ్డ యేడు వచ్చినంత మాత్రమున సాయము ఆగిపోవలెనని లేదు. కాని ఆ నష్టపు నీడ తరువాతి మూడేండ్ల లెక్కలపై పడును. సాయము పొందువారు ఈ సంగతిని ముందే యెరిగియుండవలెను.

కావున గ్రహింపవలసినవి మూడు. మొదటిది, మంచి యేటి విరాళమును పూర్తిగా వెచ్చింపక, కొంత మూలధనముగా నిలుపవలెను. ధరలు పెరుగును గనుక వడ్డీలో కొంత తిరిగి మూలధనమున కలుపవలెను. రెండవది, కఱవు యేట కూడ చెల్లింపగలిగినంతయే మాట యివ్వవలెను. మిగిలినది మంచి యేట అదనముగా సమర్పింపవచ్చును. మూడవది, తగ్గింపక తప్పనిచో ముందుగా తెలుపవలెను. ఉత్సవపు అలంకారములు తగ్గించినను ఆకలిగొన్నవాని విస్తరి తీయరాదు. పైకము లేనివారు ధాన్యమో, శ్రమయో సమర్పింపవచ్చును. నలుగురు కలసి భారమును పంచుకొనవచ్చును.

వానలు కురిసినప్పుడు చెరువుకట్టను బలపరచుకొన్న గ్రామమునకే వేసవిలో నీరు దక్కును. దానమునకును అట్టి కట్ట యొకటి కావలెను. దానిని వేయవలసినది కలిమి గల నాడే.