లాగిన్ పద్ధతి మార్చుకుందాం – అసలు ఫైలు ముట్టకుండా



మన హాస్టల్ పూర్వ విద్యార్థుల కోసం చిన్న వెబ్‌సైటు తయారుచేసేటప్పుడు నేనొక తప్పు చేశాను. కంప్యూటర్ కోర్సు చదివే మీకు పనికొస్తుందని ఆ సంగతి రాస్తున్నాను.

పైథాన్ భాషలో రాసిన జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ 2005లో విడుదలైంది. అందులో లాగిన్ భాగం సిద్ధంగా ఉంటుంది. అది యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. మనవాళ్లు చర్ల, దుమ్ముగూడెం మొదలుకొని 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కూనవరం, చింతూరు వరకు ఉన్నారు. చాలామందికి ఈ-మెయిల్ లేదు. ఫోన్ నంబర్లు మారిపోతుంటాయి. హాస్టల్ అడ్మిషన్ నంబరు మాత్రం మారదు. కనుక యూజర్‌నేమ్ ఉన్నవారికి అదీ, లేనివారికి అడ్మిషన్ నంబరూ పనిచేయాలి.

నేను తొందరపడి జాంగో సొంత ఫైలునే తెరిచి మార్చాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. కొత్త వెర్షన్ వేయగానే నా మార్పులన్నీ పోయాయి. అడ్మిషన్ నంబరుతో ఒక్కరూ లోపలికి రాలేకపోయారు. గోదావరి ఇసుకలో వేసిన పాదు వరదకు నిలవదు కదా! పోనీ, కొత్త వెర్షన్ వేయకుండా ఉందామంటే భద్రతా లోపాల సవరణలు అందులోనే వస్తాయి.

సరైన పద్ధతి ఇది:

1. పేజీ రూపం: మన ప్రాజెక్టు టెంప్లేట్ల ఫోల్డరులో ‘రిజిస్ట్రేషన్’ అనే ఫోల్డరు పెట్టి, అందులో మన లాగిన్ పేజీ ఉంచాలి. జాంగో దాన్నే చూపిస్తుంది.

2. ఫారం: జాంగో ఇచ్చే లాగిన్ ఫారం క్లాసు నుంచి మన క్లాసును వారసత్వంగా తీసుకుని, తెలుగు మాటలు, మన నియమాలు చేర్చాలి. లాగిన్ చిరునామా రాసేచోట ఈ ఫారం వాడమని చెప్పాలి.

3. గుర్తింపు: ‘మోడల్ బ్యాకెండ్’ క్లాసు నుంచి ఇంకో క్లాసు రాయాలి. అది అడ్మిషన్ నంబర్ల పట్టికలో మనిషిని వెతుకుతుంది. పాస్‌వర్డ్ సరిచూసే పని మాత్రం జాంగోకే వదలాలి. సెట్టింగ్స్‌లోని బ్యాకెండ్ల జాబితాలో పాతదాన్ని ఉంచి, మనది చేర్చాలి. జాంగో వరుసగా ఒక్కోదాన్నీ అడుగుతుంది.

4. ముందుచూపు: సొంత యూజర్ మోడల్ కావాలనుకుంటే డేటాబేసు పట్టికలు తయారుచేయకముందే నిర్ణయించుకోవాలి. తర్వాత మార్చడం చాలా కష్టం.

చివరగా ఒక పరీక్ష. జాంగోను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. సైటు మునుపటిలాగే నడిస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. నేను ఈ పరీక్ష రెండోసారి పాసయ్యాను. మీరు మొదటిసారే పాసవ్వాలని కోరుకుంటూ,

మీ అన్న,
పూర్వ విద్యార్థి