హస్త కార్తె సలహాలు: అడవి కొనాలనుకునేవారికి

ఈ కాలమ్‌కు మామూలుగా వచ్చే ప్రశ్నలు వరి దోమపోటు, వేరుశనగ తిక్కాకు తెగులు, మామిడి పూత గురించి ఉంటాయి. రెండు మూడేళ్లుగా మరో రకం ప్రశ్న వస్తోంది. చెన్నైలోని పెరంబూరు, విల్లివాక్కం, టీ నగర్ తెలుగువాళ్లు అడుగుతున్నారు: "ఊరి బయట రెండు మూడు ఎకరాల చిన్న అడవి కొనాలి. పంట కోసం కాదు. ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి చెట్ల కింద కూర్చోవాలి, పిట్టలు రావాలి. ఎక్కడ దొరుకుతుంది?"

దొరకదు. పోగొట్టుకునేది మీ డబ్బు కాబట్టి ముందే చెబుతున్నాను. చెన్నై చుట్టుపక్కల నిజమైన పాత అడవి మిగిలింది రిజర్వు ఫారెస్టుల్లో, గుడి తోపుల్లో, రాకెట్ కేంద్రం (షార్) కంచె లోపల శ్రీహరికోటలో. ఒకప్పుడు ఇక్కడ కూడా అడవి చేతులు మారేది. ఇప్పటి గిండీ నేషనల్ పార్కు ఉన్న అడవి గిల్బర్ట్ రోడరిక్స్ అనే తెల్లదొర సొంత ఆస్తి. 1821లో ప్రభుత్వం దాన్ని 35,000 రూపాయలకు కొన్నది. 1910లో రిజర్వు ఫారెస్టుగా ప్రకటించినప్పుడు 505 హెక్టార్లు ఉండేది. ఈరోజు పార్కుగా మిగిలింది 270 హెక్టార్లు. ప్రభుత్వం చేతిలో ఉన్నదే సగానికి దిగిందంటే, ప్రైవేటు చేతుల్లో ఉన్నది ఏమైందో వేరే చెప్పక్కర్లేదు.

"అడవే అమ్ముతాం సార్, చెట్లతో సహా" అని ఎవరైనా బ్రోకరు తీసుకెళ్తే రెట్టింపు జాగ్రత్త పడండి. తమిళనాడులో 1949 నాటి ప్రైవేటు అడవుల రక్షణ చట్టం ఇంకా అమల్లో ఉంది. దాని పరిధిలోకి వచ్చే అడవిని ఆ చట్టం కింద ఏర్పడిన కమిటీ అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, చెట్టు కొట్టకూడదు. 1996 డిసెంబరులో గోదవర్మన్ కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎవరి పేరున ఉన్నా అది అడవి అయితే అడవి కిందే లెక్క అంది. 1990లలో చెన్నైలో టేకు మొక్కల పథకాలలో డబ్బు పెట్టి మునిగినవాళ్లు మన బంధువుల్లోనే ఉన్నారు. వాళ్లకు చెట్టు చూపించారు, భూమి చూపించలేదు.

కొనాల్సింది అలసిపోయిన పొలం. బీడుపడిన మెట్ట, ఎవరూ దున్నని ఎర్రనేల, సర్కారు తుమ్మ పట్టిన చేను, కొట్టేసిన సరుగుడు తోట. అడవిని దానిలో మీరు మొదలుపెడతారు, మిగతాది వానా పిట్టలూ చూసుకుంటాయి. సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ గారు చేసింది అదే. నల్గొండ ఫ్లోరైడు నీళ్ల మీద జల సాధన సమితి పెట్టి పోరాడిన మనిషి, బ్యాంకు ఉద్యోగం వదులుకున్న మనిషి. పెద్దల నుంచి వచ్చిన సుమారు 70 ఎకరాలను సాగుకు ఇవ్వలేదు, ఎంత ధర పలికినా అమ్మలేదు, కుంటలు తవ్వి అడవిగా వదిలేశారు. కొడగులో మల్హోత్రా దంపతులు 1991లో 55 ఎకరాలతో మొదలుపెట్టి సుమారు 300 ఎకరాల దాకా పెంచారు. వాళ్లు కొన్నవాటిలో ఎక్కువ భాగం రైతులకు గిట్టక వదిలేసిన భూములే. అయితే కొడగు వాన వేరు, మన వాన వేరు. కొడగును చూసి వచ్చి తిరువళ్లూరులో అదే చేస్తే మొక్కలు మొదటి మే నెల దాటవు.

చెన్నైలో ఏడాదికి సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంకె చూస్తే బాగానే ఉంది. కానీ అందులో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు మూడు నెలల్లోనే కుమ్మరిస్తుంది. జనవరి నుంచి మే దాకా పెద్దగా వాన ఉండదు. కాబట్టి భూమిని రెండుసార్లు చూడకుండా బయానా ఇవ్వకండి: ఒకసారి రోహిణి కార్తెలో, ఒకసారి స్వాతి కార్తెలో. రోహిణి ఎండలో పక్క బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో, ఏ చెట్టు పచ్చగా నిలిచిందో, మేకలు ఎటు నుంచి వస్తున్నాయో తెలుస్తుంది. స్వాతి వానలో అసలు గుట్టు బయటపడుతుంది. నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయి, దారి మునుగుతుందా, మీ 'చేను' నిజానికి ఏదైనా చెరువు లోపలి భాగమా. ఉత్తర చెన్నై వైపు చవగ్గా దొరికే భూముల్లో ఈ చివరి రకం చాలానే ఉంది. ఒక పరిచయస్తుడు నాకు వేసవిలో చదునుగా, అందంగా ఉన్న రెండెకరాలు చూపించాడు. కార్తీకంలో మళ్లీ వెళ్తే మధ్యలో ఇద్దరు వల వేసి చేపలు పడుతున్నారు. కాబట్టి ఇప్పుడు భూమి వెతుకుతున్నవాళ్లు తొందరపడకండి. మరో నెలలో స్వాతి వస్తుంది. గొడుగు పట్టుకుని వెళ్లండి.

కాగితాల మాట కొంచెం. తమిళనాడు వైపైతే పట్టా, చిట్టా, అడంగల్, ఎఫ్ఎంబీ నక్ష, ముప్ఫై ఏళ్ల ఈసీ తీయించండి. సర్వేయరును పిలిచి రాళ్లు పాతించండి. దారి హక్కు దస్తావేజులో రాసి ఉండాలి, "మా బావమరిది పొలం గుండా వెళ్లొచ్చు" అనే మాట చెల్లదు. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక తర్వాత 1892లో దళితులకు ఇవ్వడం మొదలైన పంచమి భూములు ఈ ప్రాంతంలో ఉన్నాయి. వాటిని ఇతరులు కొన్నా చెల్లదు, కొనడం న్యాయమూ కాదు. స్టాంపు, రిజిస్ట్రేషను కలిపి 2023 ఏప్రిల్ నుంచి గైడ్‌లైన్ విలువ మీద 9 శాతం. చాలామంది సరిహద్దు దాటి సత్యవేడు, వరదయ్యపాళెం, తడ వైపు చూస్తారు. అక్కడ డీకేటీ పట్టా, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి, అన్న మాట వినపడితే వెనక్కి తిరగండి. అసైన్డ్ భూముల బదిలీని 1977 నాటి 9వ చట్టం నిషేధించింది. రిజిస్ట్రేషను నిషేధించిన భూముల 22-ఎ జాబితా చూడకుండా, 1-బి, అడంగల్ సరిపోల్చకుండా ముందుకు పోవద్దు. నేను వకీలును కాను. ఒక వకీలుకు ఫీజు ఇవ్వండి, మీరు కట్టే డబ్బులన్నిటిలోకీ అదే చిన్నది.

భూమి చేతికొచ్చాక మొదట చేయకూడనిది జేసీబీ పెట్టి అంతా చదును చేయించడం. సర్కారు తుమ్మ చెడ్డదే, నీళ్లు లాగేస్తుంది, కింద ఏదీ మొలవనివ్వదు. కానీ ఒకేసారి తీసేస్తే మట్టి కొట్టుకుపోతుంది, అందులో గూళ్లు పెట్టుకున్న పికిలిపిట్టలు, కౌజులు పోతాయి. మూడేళ్లలో పట్టీలుగా తీయండి. నరికితే మళ్లీ చిగురిస్తుంది కాబట్టి వేరుతో పెకలించండి, ఆ పట్టీలో వెంటనే మన చెట్లు పెట్టండి.

ఆ తర్వాత నీళ్లు. 1968లో ఆరోవిల్ మొదలైనప్పుడు ఆ నేల గాలికి ఎర్రదుమ్ము లేచే బీడు, వాన నీరంతా గండ్లు కోసుకుని సముద్రంలోకి పోయేది. వాళ్లు మొక్కలతో పాటు గట్లు వేశారు, నీటిని ఎక్కడికక్కడ ఆపారు. ఈరోజు అక్కడి పిచ్చాండికుళం అడవిలో నడిస్తే గట్టు ఎక్కడో కనపడదు, చెట్లే కనపడతాయి. మీరూ వాలుకు అడ్డంగా కందకాలు తీయించండి, పల్లపు మూలన ఒక కుంట తవ్వించండి. కుంట ఒక పక్కన మెల్లగా దిగాలి, పిల్లలు జారిపడినా లేవగలగాలి, కొంగ నిలబడగలగాలి. తీసిన మట్టి గట్టుకే వాడండి. లారీలో బయటికి పంపితే అనుమతుల తలనొప్పి మొదలవుతుంది.

కుంట దగ్గర పిట్టలు చేరితే పొలంవాళ్లకు నష్టమని కొందరు అంటారు. వేడంతాంగల్ పక్షుల చెరువు పక్క రైతులను అడగండి. కొంగల రెట్టలతో చెరువు నీళ్లు ఎరువవుతాయని వాళ్లకు రెండు వందల ఏళ్ల ముందే తెలుసు. తుపాకీ పట్టుకొచ్చిన సిపాయిల మీద ఫిర్యాదు చేసి, 1798లో కలెక్టరు లయనెల్ ప్లేస్ చేత పిట్టలను కాల్చకూడదని ఉత్తర్వు రాయించుకున్నారు. ఆ నీళ్లు పారిన మళ్లకు ఎరువు ఖర్చు తగ్గేది. మన నేలపట్టులోనూ అంతే. నీటి కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టేది ఊరివాళ్లు ఊరుకోబట్టే.

ఏ చెట్లు? నర్సరీ వాడు గుల్‌మొహర్, పచ్చతురాయి, నిద్రగన్నేరు అంటగడతాడు. పూలు బాగుంటాయి, తొందరగా పెరుగుతాయి. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను వచ్చినప్పుడు చెన్నై వీధుల్లో ఎక్కువగా కూలినవి అలాంటివే. కోరమాండల్ తీరానికి సొంతమైన అడవి ఒకటుంది, పొట్టిది, ఏడాది పొడవునా పచ్చగా ఉండేది, ఆకు దళసరి, కర్ర గట్టి. పాలచెట్టు, అల్లి, నేరేడు, అడవినిమ్మ, బర్రెంక, చిగర, వెలగ, రేల, ముష్టి, ఊడుగ. మరక్కాణం దగ్గర పుత్తుపట్టు అయ్యనార్ గుడి తోపులో ఒక పూట తిరిగి రండి, మీ స్థలం ఎలా ఉండాలో తెలుస్తుంది. పాలచెట్టు మెల్లగా పెరుగుతుంది, మీకంటే మీ మనవళ్లకు పనికొస్తుంది. కానీ దాని పండ్లకు పిట్టలు బాగా వస్తాయి. మర్రి, మేడి ఒక్కొక్కటి చాలు, కుంటకు దూరంగా.

హస్త, చిత్త కార్తెల్లో నాటండి. వాన మొదలైన మొదటి వారాల్లో వేరు పట్టుకుంటే మూడు నెలలు దానికి తిరుగులేదు. కవరులో రెండేళ్లు ఉండి వేళ్లు చుట్టలు చుట్టుకున్న పెద్ద మొక్క వద్దు. మోకాలెత్తు మొక్క నాలుగేళ్లలో దాన్ని దాటిపోతుంది. నాలుగు మీటర్ల ఎడంలో ఎకరాకు సుమారు 250 పడతాయి. వరసల్లో కాకుండా గుంపులు గుంపులుగా పెట్టి మధ్యలో గడ్డి మైదానం వదలండి. కుందేలుకు, కౌజుకు చెట్టుకంటే ఆ ఖాళీయే ముఖ్యం. అందుకే మొక్కలను ఒత్తుగా నాటే మియావాకీ పద్ధతి నాకు ఊరి బయట నచ్చదు. నగరంలో అర గ్రౌండు స్థలానికి అది సరే. మూడెకరాల్లో అలా కిక్కిరిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది, లోపల మనిషే కాదు నక్క కూడా దూరదు. మొదటి రెండు వేసవులు నీళ్లు తప్పవు. 300 మొక్కలకు వారానికి పది లీటర్ల చొప్పున మూడు వేల లీటర్లు. ఈ లెక్క కుదరకపోతే మొక్కలు తగ్గించండి, నీళ్లు తగ్గించకండి. మొదట్లో ఆకు, గడ్డి కప్పండి. సంక్రాంతి తర్వాత మాత్రం సరిహద్దు వెంట ఎండుగడ్డి కోసి నిప్పు దారి వేయాలి.

కంచెకు కరెంటు తీగ ఆలోచనే వద్దు. అది నేరం, దానికి మనుషులే బలవుతున్నారు. వాక, గచ్చ, సీమచింత కలిపి కంచె నాటితే మూడేళ్లకు మేక దూరదు, వాక్కాయ పచ్చడికీ కొదవ ఉండదు. ఆ మూడేళ్లు మేకలవాళ్లతో మాట్లాడుకోవాలి. సత్యవేడు దగ్గర ఒక పెద్దాయన నాతో అన్నాడు: "కంచె ఏసుకోండి సామీ, ఎవురొద్దన్నారు. మా తాత కాలం నుంచి నడిచే దోవ ఒకటుండాది, అది మాత్రం మూయబాకండి." మూయకపోవడమే మంచిది. ఆ దారిన నడిచేవాళ్లే మీరు లేని ఆరు రోజులూ మీ స్థలానికి కాపలా.

పాముల సంగతి పిల్లలకు ముందే చెప్పండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి నాలుగూ ఈ నేలలో ఉంటాయి, ఉండాలి కూడా. వడనెమ్మేలిలో ఇరుళర్ల సహకార సంఘం 1978 నుంచి పాములు పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తోంది. దేశంలో విరుగుడు మందుకు కావాల్సిన విషం ఎక్కువగా అక్కడి నుంచే వెళ్తుంది. భూమి కొనేముందు ఇరుళర్లనో, ఆంధ్ర వైపైతే యానాదులనో వెంటబెట్టుకుని ఒకసారి తిరగండి. పుట్టల్లో ఏముందో, ఉడుము ఎక్కడుందో వాళ్లకు అడుగుజాడతో తెలుస్తుంది. పాము విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో కనుక్కుని ఆ దారిలో ఒకసారి బండి నడిపి చూడండి. రాత్రిపూట టార్చి లేకుండా, బూట్లు లేకుండా తిరగనివ్వకండి. జింకనో తాబేలునో తెచ్చి వదలడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. రావాల్సినవి తమంతట తామే వస్తాయి: ముంగిస మొదటి ఏడే, పునుగుపిల్లి పండ్లు కాసినప్పుడు, నెమలి మీకు విసుగు పుట్టేంతగా.

భూమి ఇప్పటికే ఉన్నవాళ్లకు ఈ వారం పని ఒకటి. తాటిపండ్లు రాలే కాలం ముగుస్తోంది. గోనెసంచి పట్టుకుని వెళ్లి ముట్టెలు ఏరుకురండి. సరిహద్దు వెంట పది అడుగులకొకటి, జానెడు లోతున, వాన పడిన మర్నాడు పాతండి. నీళ్లు పోయక్కర్లేదు, కంచె అక్కర్లేదు, తుపానుకు పడదు. ఒక్కో చోట మూడేసి వేయండి. పొంగల్ నాటికి తేగల కోసం పక్క ఊరి పిల్లలు తవ్వుకుపోతారు, వాళ్లకు రెండు పోయినా మీకు ఒకటి మిగులుతుంది.