లాగితే తెగదు, కుదిపితే తెగుతుంది

సూరత్‌ సలాబత్‌పురా బట్టల మార్కెట్లకు వెళ్లిన వారికి ఇది మరమగ్గాల ఊరని వేరే చెప్పనక్కరలేదు. ఆ మగ్గాల మీద తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాల వారు ఎందరో పనిచేస్తున్నారు. నేతపనిలో అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. చేత్తో లాగితే తెగని పడుగు దారం, మగ్గం మీద వేలసార్లు సాగి సడలి, చివరకు తెగిపోతుంది. లోహాల విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. దీన్ని ఇంజనీర్లు 'లోహపు అలసట' అంటారు. 19వ శతాబ్దంలో జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను పదేపదే వంచి పరీక్షించి, ఒక్కసారి మోస్తే ఏమీ కాని బరువు కూడా లక్షలసార్లు పడితే ఇరుసును విరుస్తుందని చూపించాడు.

ఇప్పుడు మీ ఇంట్లోని ఫ్రిజ్ సంగతి. వెనుక నల్లటి జాలీలా కండెన్సరు ఉంటే, దాని గొట్టం సాధారణంగా ఉక్కుది. దానికి అతికిన ఫిల్టరు రాగిది. ఈ రెండు లోహాలను కలిపేది బ్రేజింగ్. ఇందులో గొట్టాలు కరగవు, మధ్యలో పోసే కడ్డీ మాత్రమే కరుగుతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. 72 పాళ్లు వెండి, 28 పాళ్లు రాగి కలిపిన మిశ్రమం 780 డిగ్రీలకే కరుగుతుంది. వత్తి నూనెను పీల్చుకున్నట్టు, వెంట్రుక మందం సందులోకి ఆ ద్రవం తనంతట తానే పాకుతుంది. మీ పాఠంలోని కేశనాళికీయత ఇదే. సందు సన్నగా ఉంటేనే అతుకు గట్టిది. రెండు వైపులా గట్టి లోహం పట్టి ఉంచడంతో పలుచని పొర సులభంగా సాగలేదు.

అసలు చిక్కు కడ్డీ ఎంపికలో ఉంది. రాగిని రాగికి అతకడానికి మెకానిక్‌లు ఫాస్ఫరస్ కలిసిన రాగి కడ్డీ వాడతారు. అది చవక. పైగా రాగి మీది ఆక్సైడును ఫాస్ఫరసే తీసేస్తుంది కాబట్టి, కంసాలి వాడే వెలిగారం లాంటి ఫ్లక్స్ అక్కర్లేదు. అదే కడ్డీని ఉక్కు మీద వాడితే ఇనుము, ఫాస్ఫరస్ కలిసి పెళుసు పొర ఏర్పడుతుంది. అతుకు చూడ్డానికి నున్నగా ఉంటుంది, ఆ రోజుకు గ్యాసు కూడా కారకపోవచ్చు. కానీ మామూలు కంప్రెసర్ నిమిషానికి దాదాపు 2,900 సార్లు తిరుగుతుంది. రోజుకు 8 గంటలు నడిచినా సుమారు 14 లక్షల కుదుపులు! దీనికి తోడు, 100 డిగ్రీలు వేడెక్కితే మీటరు రాగి 1.7 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఉక్కు 1.2 మాత్రమే. ఆ తేడా భారమంతా అతుకు మీదే. పెళుసు పొరలో చిన్న పగులు పుట్టి, రోజురోజుకూ పాకుతుంది. ఉక్కు–రాగి అతుకుకు వెండి కడ్డీ, ఫ్లక్స్ వాడాలి. ఖరీదు ఎక్కువే, అందుకే కొందరు తప్పించుకుంటారు.

మనవి బదిలీల ఇళ్లు కదా, ఫ్రిజ్ లారీలో ఊళ్లు తిరుగుతుంది. కొత్త ఊళ్లో చల్లదనం తగ్గితే, మెకానిక్‌ను ఏ కడ్డీ వాడుతున్నారో అడగండి. ఈ మధ్య వచ్చిన చాలా ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఏ వాయువుకు మంట అంటుకుంటుంది. అది పూర్తిగా తీసేసి, కిటికీలు తెరిచాకే టార్చి వెలిగించాలి. ఆ సమయంలో మీరు ఆ గదిలో ఉండకండి.