ఘోర – అఘోర శబ్దార్థ విచారము

భయము గొలుపుదానిని, సహింపరానిదానిని లోకమున 'ఘోరము' అందురు. ఘోరాపరాధము, ఘోరారణ్యము, ఘోరయుద్ధము, ఘోరప్రమాదము మున్నగు ప్రయోగములు అందరికిని పరిచితములే. అమరకోశము ఈ పదమును దారుణ, భీషణ, భీమ శబ్దముల సరసన నిలిపినది. అయినను 'ఘోరతపస్సు' అన్నపుడు అందు నింద లేదు. మిక్కిలి దుష్కరమైన తపస్సని మాత్రమే భావము. కావున ఈ శబ్దమునకు అర్థము సందర్భమును బట్టి నిర్ణయింపవలసి యున్నది.

దీనికి ముందు నిషేధార్థకమగు 'అ'కారము చేరినచో 'అఘోర' శబ్దమేర్పడును. ఘోరము కానిది, శాంతమైనది అని దాని యర్థము. లోకవ్యవహారమున నిది తలక్రిందైనది. శ్మశానమున సాధన చేయువారిని 'అఘోరీలు' అనుట విని, అఘోరమనగా అతిఘోరమని పలువురు తలంచుచున్నారు. "ఏమి అఘోరించుచున్నావు?" అని పిల్లలను గద్దించుటయు ఇండ్లలో వినబడుచునే యున్నది. శివనామమును తలపించు మాట తిట్టుగా మారుట భక్తకుటుంబములకు తగదు.

సద్యోజాత, వామదేవ, అఘోర, తత్పురుష, ఈశానములు పరమశివుని పంచముఖములు. వీనిలో అఘోరము దక్షిణముఖము. దక్షిణము యముని దిక్కు. జనులు వెరచు దిక్కు. ఆ దిక్కును చూచు ముఖమునకే 'భయము లేనిది' అను పేరు గలుగుట గమనింపదగినది. ఆ ముఖము ఉగ్రముగా వర్ణింపబడినను అందలి సంకల్పము అనుగ్రహమే. బిడ్డకు కషాయము త్రాగించు తల్లి కనుబొమలు ముడిచినంతమాత్రమున ఆమె ఘోరురాలు కాదుగదా! ద్రాక్షారామ క్షేత్రలింగమున ఆవిర్భవించిన ఏకోరామారాధ్యులను వీరశైవ సంప్రదాయము ఈ ముఖమునకే సంబంధించినవారిగా చెప్పుచున్నది.

మరి నిజముగా ఘోరమేది? 12వ శతాబ్దమున కళ్యాణనగరమున, చర్మకారవృత్తిలోనున్న హరళయ్య కుమారునకును, బ్రాహ్మణకులమున జన్మించి శరణుడైన మధువరసుని కుమార్తెకును వివాహము జరిగెను. ఛాందసులు దానిని ఘోరమనిరి. బిజ్జలుని యాజ్ఞచే ఆ తండ్రు లిరువురును వధింపబడిరని శరణుల చరిత్రలు తెలుపుచున్నవి. పెండ్లి ఘోరమా? వధ ఘోరమా? దయయే ధర్మమునకు మూలమని బోధించిన బసవేశ్వరుని మార్గమున ఈ ప్రశ్నకు సమాధానము స్పష్టము.

లింగధారులైన ఇరువురి వివాహమునకు కులము అడ్డువచ్చి, నేడును ఏ యింటనైనను "ఎంత ఘోరము!" అను మాట వెలువడినచో, దానిని ఈ కొలతతోనే తూచవలెను. దయ తప్పినది ఘోరము. దయతో కూడినది అఘోరము. ఇష్టలింగమును కరమున నిలిపి పూజించువారు ఈ భేదమును నాలుకపైనను, నడతయందును నిలుపుకొందురు గాక!