కూలీ ఓడల్లో వెళ్లినవారి సొంత ఊరు కనుక్కోవడం: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: వందేళ్ల కిందట ఓడెక్కిన పూర్వీకుల ఊరు తెలుసుకోవాలంటే శ్రీకాకుళం, విజయనగరం కచేరీల్లో వెతకడం మొదలుపెట్టాలా?

జవాబు: వలసపోయినవారి ఊరి పేరు మొదట దొరికేది వాళ్లు దిగిన దేశంలోనే. ఉత్తరాంధ్రలో పాత సర్కారు లెక్కలు చాలావరకు భూమిని పట్టి రాసినవి. ఏ చెక్క ఎవరి సాగులో ఉంది, శిస్తు ఎంత అన్నదే కరణానికి కావలసిన సంగతి. ఓడెక్కినవారిలో చాలామందికి సెంటు భూమి లేదు. పైగా ఈ ప్రాంతంలో పెద్ద భాగం విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, కురుపాం, మందస వంటి జమీందారీల కింద ఉండేది. రైతుల లెక్కలు ఆ ఎస్టేటు కచేరీల్లోనే ఉండిపోయాయి, వాటిలో పోయినవి పోగా కొన్నే మిగిలాయి. గ్రామ మునసబులు రాసిన జనన మరణాల పుస్తకాలు ఊరి వారీగా, ఏటి వారీగా ఉంటాయి. పేరు పట్టుకుని వాటిలో వెతకలేరు. ఊరు తెలిశాక ఇవన్నీ అక్కరకొస్తాయి, ఊరు తెలుసుకోవడానికి మాత్రం కాదు.

ఐర్లండ్ నుంచి అమెరికా వెళ్లినవారి వారసులకూ ఇదే చిక్కు. 1922లో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి, 1821 నుంచి 1851 వరకు జరిగిన జనాభా లెక్కలు దాదాపుగా పోయాయి. మిగిలినవాటిలో ముఖ్యమైనవి చర్చి పారిష్ పుస్తకాలు. ఏ పారిషో తెలియకుండా వాటిని తిరగేసి లాభం లేదు. అందుకని అక్కడివాళ్లు ముందు అమెరికాలోని సమాధి రాళ్లు, పెళ్లి పుస్తకాలు, పౌరసత్వం కాగితాలు గాలిస్తారు. ఈ విషయంలో తెలుగు కూలీల వారసులు కాస్త అదృష్టవంతులు. సొంత ఖర్చుతో ఓడెక్కిన ఐరిష్ మనిషిని ఊరి పేరు చెప్పమని అడగాల్సిన అవసరం చాలాసార్లు ఎవరికీ రాలేదు. ఒప్పంద కూలీని మాత్రం సర్కారు సరుకులా లెక్కగట్టి తండ్రి పేరు, ఊరు, ఒంటి మీది మచ్చతో సహా రాసుకుంది.

ప్రశ్న: ఏ దేశంలో ఏ కాగితం అడగాలి?

జవాబు: దక్షిణాఫ్రికా సంగతి అన్నిటికంటే తేలిక. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. ఆనాటి నుంచి 1911 వరకు ఆ రేవున్న నేటాల్‌కు 1,52,184 మంది ఒప్పంద కూలీలు వెళ్లారు. వారిలో సుమారు మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే. ప్రతి ఓడకూ ఒక పట్టీ ఉంది. అందులో కూలీ నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా లేదా తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి గుర్తులు వరుసగా ఉంటాయి. ఈ నంబరే కీలకం. ఆ మనిషి పెళ్లి, ఒప్పందం ముగింపు, చావు, ఆస్తి పంపకం కాగితాలన్నిటి మీదా అదే నంబరు వేసేవారు. కాబట్టి ఇంట్లో పాత మరణ ధ్రువపత్రం ఒక్కటి ఉన్నా నంబరు దొరుకుతుంది, నంబరుతో ఓడ పట్టీలో ఊరు దొరుకుతుంది. పట్టీలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వాటి నుంచి కంప్యూటర్ జాబితాలూ తయారయ్యాయి.

ఫిజీకి 1879 నుంచి 1916 వరకు 60,965 మంది వెళ్లారు. మద్రాసు నుంచి ఓడలు నడిచింది 1903 నుంచే గనుక తెలుగు కుటుంబం వెతకాల్సిన కాలం పదమూడేళ్లు మాత్రమే. అక్కడి కాగితాన్ని ఎమిగ్రేషన్ పాసు అంటారు, మనిషికొకటి చొప్పున సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పాసులో తాలూకా, ఊరుతో పాటు దగ్గరి బంధువు పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. చాలామంది దీన్ని చూడకుండా వదిలేస్తారు. ఊళ్లో మిగిలిపోయిన అన్న పేరో భార్య పేరో అందులో ఉంటే, తరవాత ఆ కుటుంబాన్ని పోల్చుకోవడానికి అంతకంటే గట్టి ఆధారం మరొకటి లేదు.

మారిషస్‌కు 1834లో మొదలై ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రిజిస్టర్లు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, 1860ల నుంచి వచ్చిన కొందరి ఫొటోలు కూడా అక్కడ దొరుకుతాయి. అయితే తొలి దశాబ్దాల రాతలో ఊరి గడి ఖాళీగా ఉండడమో, జిల్లా పేరుతో సరిపెట్టడమో ఎక్కువ. కొరింగ రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లందరినీ కొరింగీలు అన్నారు. కాబట్టి కాగితంలో కొరింగీ అని ఉంటే తెలుగువాడని అర్థం చేసుకోవాలే గాని, గోదావరి ముఖద్వారంలోని ఆ ఊరి మనిషి అనుకుని అక్కడ వెతకడం వృథా. రీయూనియన్ ద్వీపానికి యానాం, పుదుచ్చేరి, కారైకాల్ మీదుగా ఫ్రెంచివాళ్లు తీసుకుపోయినవారి కాగితాలు ఫ్రెంచి భాషలో సెయింట్ డెనిస్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ప్రశ్న: పట్టీలో గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా అని ఉంది. గంజాం ఒడిశాలో ఉంది కదా, అక్కడికి వెళ్లాలా?

జవాబు: చికాకోల్ అంటే శ్రీకాకుళమే. ఒప్పంద కూలీల కాలంలో శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేవి. పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి, విజయనగరం మాత్రం విశాఖపట్నం జిల్లా కింద ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాంలోని తెలుగు భాగం విశాఖపట్నంలో కలిసింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు వచ్చాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022లో పార్వతీపురం మన్యం విడివడింది, పాలకొండ అందులోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. పాత కాగితంలో విశాఖపట్నం జిల్లా అని ఉన్న ఊరు ఇవాళ నాలుగైదు జిల్లాల్లో ఎక్కడైనా ఉండవచ్చు. ఇచ్ఛాపురం అవతల, పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లయితే చాలావరకు ఒడిశాలో ఉంటాయి, తెలుగు కుటుంబాలు అక్కడ ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే కాగితంలోని జిల్లాను పక్కనబెట్టి తాలూకాను పట్టుకోవడం మేలు. ఆ తాలూకాలో ఏయే ఊళ్లు ఉండేవో 1961 జనాభా లెక్కల జిల్లా పుస్తకంలో వరుసగా ఉంటాయి. విశాఖపట్నం జిల్లాకు డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన 1907 గెజెటీరు, గంజాం జిల్లాకు అంతకు ముందటి మాల్ట్‌బీ మాన్యువల్ పాత హద్దులు తెలుసుకోవడానికి చాలు.

ప్రశ్న: ఊరి పేరు అర్థం కాకుండా రాసి ఉంటే?

జవాబు: ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. చదువు లేని కూలీ శ్రీకాకుళం యాసలో చెప్పాడు, రేవులో గుమాస్తా చెవికి తోచినట్టు ఇంగ్లీషులో రాశాడు, దిగిన రేవులో మరో గుమాస్తా దాన్ని చూసి నకలు తీశాడు. గుమాస్తా తమిళుడైతే బకారం పకారమై, గకారం కకారమై బొబ్బిలి పొప్పిలిగా మారడం వింత కాదు. ఇవాళ్టికీ రాజాం పేరును ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తున్నారు, వందేళ్ల నాటి గుమాస్తాను తప్పుపట్టడం అన్యాయం. ఇలాంటి పేరును కంటితో చూసి గుర్తుపట్టలేరు. పైకి నాలుగైదు రకాలుగా చదివి, ఆ తాలూకా మనిషికి వినిపించాలి.

రెండో చిక్కు ఒకే పేరున్న ఊళ్లు. జగన్నాథపురం, సీతారాంపురం, లక్ష్మీపురం, నర్సిపురం, కొత్తవలస ఈ జిల్లాల్లో ఒక్కొక్కటి కాదు. పేట, వలస, పాలెం అనే తోకలు ప్రతి తాలూకాలోనూ ఉన్నాయి. పుట్టుగ అనే తోక ఉంటే మాత్రం ముందుగా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు చూడవచ్చు. పైగా శివారు పల్లెలకు, అంటే మజరాలకు, లెక్కల్లో సొంత పేరు ఉండకపోవచ్చు. కూలీ పల్లె పేరు చెప్పి ఉంటే రెవెన్యూ గ్రామాల జాబితాలో అది కనిపించదు, పటం మీద వెతకాలి.

చిక్కు విడదీసే మంచి ఉపాయం పక్క నంబర్లు చదవడం. కూలీలు ఒంటరిగా ఓడెక్కడం తక్కువ. ఒక మేస్త్రీ వెంట ఒకే ఊరివారో, పక్క ఊళ్లవారో నలుగురైదుగురు వెళ్లేవారు, పట్టీలో వాళ్ల నంబర్లు వరుసగా పడేవి. ఒకరికి సీతారాంపురం అని ఉండి, ముందు వెనక వారికి చీపురుపల్లి తాలూకాలో స్పష్టంగా తెలిసే ఊళ్లు ఉంటే ఆ సీతారాంపురం అక్కడి దగ్గరదే అయ్యే అవకాశం ఎక్కువ. ఒకరి పేరు పక్కన తప్పుగా పడిన అక్షరాలు ఇంకొకరి పేరు పక్కన సరిగా పడి ఉండడమూ కద్దు. మలయాకు వెళ్లినవారి విషయంలో ఈ పద్ధతి మరీ పనికొస్తుంది. అక్కడి తోటలకు కూలీలను కూడగట్టే కంగాణీ తన ఊరికే తిరిగొచ్చి తనవాళ్లనే తీసుకెళ్లేవాడు గనుక ఒక తోటలోని తెలుగు కుటుంబాలు తరచు ఒకే చోటి నుంచి వచ్చినవై ఉంటాయి. సొంత కుటుంబానికి ఊరు గుర్తులేకపోతే తోటలో పక్క ఇంటివారిని అడగాలి.

ఒక జాగ్రత్త. రాసిన ఊరు పుట్టిన ఊరే కానక్కరలేదు. కరువు ఏడాదిలో, ముఖ్యంగా 1866లోనూ 1876-78లోనూ, పల్లెలు విడిచి పట్టణం చేరినవారు ఆ పట్టణం పేరే చెప్పి ఉండవచ్చు. విజయనగరం, భీమునిపట్నం అని ఉన్న కాగితాలను ఈ అనుమానంతోనే చూడాలి.

ప్రశ్న: పాత కాగితాల్లో ఇంటిపేరు ఎందుకు లేదు? అది లేకుండా కుటుంబాన్ని పోల్చుకోవచ్చా?

జవాబు: పట్టీల్లో ఇంటిపేరుకు గడే లేదు. మనిషి పేరు, తండ్రి పేరు మాత్రమే రాశారు. తరవాత ఆ దేశాల్లో తండ్రి పేరో తాత పేరో కుటుంబ నామంగా స్థిరపడింది. డర్బన్‌లో, పోర్ట్ లూయీలో అప్పన్న, అప్పడు, సన్యాసి, సింహాద్రి వంటివి ఇంటిపేర్లుగా వినిపించడానికి కారణం ఇదే. అందువల్ల విదేశంలో ఉన్న ఇంటిపేరుతో ఇక్కడి ఓటర్ల జాబితా వెతికితే ఫలితం ఉండదు.

పేర్లు ప్రాంతాన్ని మాత్రం కొంత పట్టిస్తాయి. అప్పన్న, అప్పలస్వామి, సింహాచలం అనేవి సింహాద్రి అప్పన్న మొక్కు పేర్లు. పైడితల్లి, పైడయ్య విజయనగరం అమ్మవారి పేర్లు. కూర్మినాయుడు శ్రీకూర్మం వైపు, పోలినాయుడు, పోలమ్మ శంబర పోలమాంబ కొలువున్న వైపు ఎక్కువ. ఇది ఊరిని చూపదు. తాలూకా తేలని కాగితానికి ఒక వైపు మొగ్గు చూపడానికి పనికొస్తుంది. పెద్దవాళ్లు ఇంట్లో ఏ అమ్మవారికి మొక్కుతారు, పిల్లాణ్ని గుంటడని అంటారా, అక్కను అప్ప అని పిలుస్తారా అన్నవి కూడా రాసి పెట్టుకోవాలి. గోత్రం మీద అంత ఆశ పెట్టుకోకూడదు. నాగుల గోత్రం లాంటివి ఎన్నో ఇంటిపేర్లకు ఉమ్మడి. డీఎన్ఏ పరీక్షలు దూరపు బంధువును చూపిస్తే చూపించవచ్చు, ఊరి పేరు చెప్పవు. పల్లెల్లో పరీక్ష చేయించుకున్నవారే అరుదు.

కాగితంలోని కులం పేరును నమ్మవచ్చు గాని ఉపకులం తరచు ఎగిరిపోయింది. తూర్పు కాపు, గాజుల కాపు తేడా లేకుండా కాపు అని, బూరగాన, కింతల తేడా లేకుండా కాళింగ అని సరిపెట్టారు.

ప్రశ్న: బర్మా వెళ్లినవారికి ఓడ పట్టీలు ఉన్నాయా?

జవాబు: లేవు. రంగూన్‌కు ఒప్పందం లేకుండా డెక్ టిక్కెట్టుతో వెళ్లేవారు. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ నుంచి స్టీమరెక్కి, కోతల కాలానికి వెళ్లి తిరిగొచ్చేవారు కూడా చాలామంది. ఉత్తరాంధ్రలో మారిషస్ వెళ్లిన ఇంటి కంటే బర్మా వెళ్లిన ఇల్లే ఎక్కువ కనిపిస్తుంది, కాగితాలు మాత్రం తక్కువ. 1940 చట్టం కింద బర్మాలో విదేశీయులకు ఇచ్చిన నమోదు పుస్తకం (ఎఫ్.ఆర్.సి.) ఇంట్లో ఉంటే పుట్టిన చోటు అందులో చూడాలి. 1942లో నడిచి వచ్చినవారి కంటే 1960ల్లో ప్రభుత్వం తీసుకొచ్చిన కాందిశీకుల కుటుంబాల్లోనే కాగితాలు ఎక్కువ. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు వంటి చోట్ల ఉన్న పెద్దలు ఊళ్ల వారీగా ఎవరెవరు ఉండేవారో చెప్పగలరు. రంగూన్ నుంచి వచ్చిన మనియార్డరు రసీదు, ఉత్తరం కవరు కూడా పడేయకూడదు. వాటి మీద ఊరుతో పాటు పోస్టాఫీసు పేరు ఉంటుంది, ఒకే పేరున్న ఊళ్లలో ఏదో తేల్చేది ఆ పోస్టాఫీసే.

ప్రశ్న: ఊరు తెలిశాక అక్కడ ఏం చూడాలి, ఎవరిని కలవాలి?

జవాబు: బయలుదేరే ముందు మీభూమి సైటులో ఆ గ్రామం 1బి (భూమి హక్కుదారుల) జాబితా, ఎన్నికల సంఘం సైటులో ఓటర్ల జాబితా చూస్తే ఊళ్లో ఏ ఇంటిపేర్లు ఉన్నాయో తెలుస్తుంది. పాత భూమి లెక్కలు రెండు రకాలు. రైత్వారీ ఊరైతే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (ఆర్.ఎస్.ఆర్.), దాన్నే డైగ్లాట్ అంటారు. జమీందారీ ఊరైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరవాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్. రెండూ తహసీల్దారు కార్యాలయంలో అడగాలి. అగ్రహారాలు, సర్వీసు ఇనాములు ఉన్న కుటుంబాలకు 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఉంది, మూడు తరాల పేర్లు అందులో దొరికే సందర్భాలున్నాయి. గంజాం కాలపు కలెక్టరేటు దస్త్రాల్లో కొన్ని భువనేశ్వర్‌లో, మద్రాసు ప్రభుత్వ దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అయితే వాటిలో కూలీల పేర్లు ఉంటాయని ఆశపడి వెళ్లకూడదు.

క్రైస్తవ కుటుంబాలకు మరో దారి ఉంది. లండన్ మిషన్ 1805లోనే విశాఖపట్నం చేరింది, అన్సీ నుంచి కతోలిక గురువులు 1846లో వచ్చారు, 1870ల నుంచి కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. బాప్తిస్మ పుస్తకాలు ఉన్న చోట తండ్రి పేరు, ఊరు రెండూ రాసి ఉంటాయి.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయినప్పుడు కొన్ని పాత పుస్తకాలు తాలూకా ఆఫీసులకు చేరాయి, కొన్ని కరణాల ఇళ్లలోనే అటకెక్కాయి. కాబట్టి సచివాలయంలో వీఆర్వోను కలిశాక పాత కరణం ఇంటికి కూడా వెళ్లాలి. కాపులకూ గొల్లలకూ వంశావళి చెప్పే పిచ్చుకుంట్లవారు ఆ వైపు తిరుగుతుంటే వాళ్లను పిలిపించాలి. చివరగా కులపెద్దను, ఊళ్లో అందరికంటే పెద్ద వయసు ఆడవాళ్లను అడగాలి. అడిగే తీరు కూడా ముఖ్యం. ఫలానా అప్పన్న మీ తాతగారేనా అని ముందే పేరు చెబితే మర్యాదకైనా అవునంటారు. మీ ఇంటి నుంచి ఓడెక్కి తిరిగిరానివారు ఎవరైనా ఉన్నారా అని అడిగి, వాళ్లు చెప్పిన పేరును, తండ్రి పేరును, బంధువు పేరును కాగితంతో పోల్చాలి. మూడింటిలో రెండు కలిస్తే ఆ ఇల్లే అనుకోవచ్చు. ఒక్క పేరే కలిస్తే, అందులోనూ అది అప్పన్న అయితే, పక్క వీధిలో కూడా అడగాలి.