పెద్ద వయసు పిల్లి మీ ఇంటికొస్తోందా?

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. పదేళ్ళు దాటిన పిల్లికి మాత్రం ఒక్క ఇల్లు మారడమే గండం. పెంచిన పెద్దావిడ పోయిందనో, ఆ ఇంటివాళ్ళు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నారనో అలాంటి పిల్లి మీ చేతికొస్తే, ఇవి చూసుకోండి.

1. మొదట ఒక్క గది చాలు. రాకపోకలు తక్కువున్న గదిలో తిండి, నీళ్ళు ఒక మూల, లిట్టర్ ట్రే ఎదుటి మూల పెట్టండి. రెండూ పక్కపక్కనే ఉంటే పిల్లికి నచ్చదు. మంచం కింద దూరితే లాగొద్దు. దూరడానికి వీలుగా ఒక అట్టపెట్టె పడేసి ఉంచండి.

2. దాని పాత దుప్పటి ఉతక్కుండా తెచ్చుకోండి. పెంచినవాళ్ళ పాత చీరో లుంగీనో దొరికితే ఇంకా మంచిది. పిల్లికి ధైర్యం వాసనలోనే ఉంటుంది. ఆ గదిని ఫినాయిల్‌తో మాత్రం తుడవకండి. అది పాదాలకంటుతుంది, పిల్లి పాదాలు నాకుతుంది, దాని కాలేయం ఆ విషాన్ని తట్టుకోలేదు.

3. అన్నిటికన్నా ముఖ్యం తిండి. పాత ఇంట్లో ఏం తినేదో అడిగి, మొదటి వారం అదే పెట్టండి. మార్చాలనుకుంటే ఆ తర్వాత వారం పది రోజులపాటు కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి. వయసు మీద పడ్డ పిల్లికి వాసన సరిగా తెలియదు కాబట్టి తడి తిండిని గోరువెచ్చగా చేసి పెడితే ముట్టుకుంటుంది. కొత్త చోట ఒక పూట తినకపోతే కంగారు లేదు. రోజంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు ఫోన్ చేయండి. రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదకొస్తుంది, బొద్దు పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. పాలు పోస్తే చాలనుకోవడం మన కథల పుణ్యం. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి. శాకాహారుల ఇళ్ళలో పెరుగన్నంతోనే నెట్టుకొద్దామనుకుంటారు. అదీ కుదరదు. మాంసంలో దొరికే టారిన్ లేకపోతే పిల్లి కళ్ళు, గుండె దెబ్బతింటాయి. వండటం ఇష్టం లేకపోతే ప్యాకెట్ క్యాట్ ఫుడ్ పెట్టండి.

4. దానికి కీళ్ళనొప్పులు ఉన్నాయనే అనుకోండి. ట్రే అంచు తక్కువ ఎత్తులో ఉండాలి. కిటికీ దగ్గర ఒక స్టూలు వేయండి. నున్నటి టైల్స్ మీద పాత పట్టా పరవండి.

5. కనీసం మూడు వారాలు బయటికి వదలొద్దు. పాత ఇల్లు దగ్గర్లోనే ఉంటే వెతుక్కుంటూ పోతుంది. బాల్కనీకి కట్టిన పావురాల వలను నమ్మేముందు కొక్కేలన్నీ ఒకసారి లాగి చూడండి.

6. నలతగా ఉందని మన మాత్రలు వేయకండి. ఒక్క పారాసిటమాల్ పిల్లి ప్రాణం తీయగలదు. కుక్కలకు వేసే పిడుదుల మందు పెర్మెత్రిన్ కూడా దానికి విషమే. బొకేల్లో వచ్చే లిల్లీపూలు ఇంట్లో ఉంచొద్దు, వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు పాడవుతాయి.

7. కాస్త కుదురుకున్నాక రక్తపరీక్ష చేయించండి. నీళ్ళు ఎక్కువ తాగి, మూత్రం ఎక్కువ పోస్తుంటే కిడ్నీ, షుగర్, థైరాయిడ్ అనుమానించాలి. పళ్ళు కూడా చూపించండి. ట్రేలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే, ముఖ్యంగా మగపిల్లి అయితే, తెల్లారేదాకా ఆగకండి.

8. ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే వెంటనే ఎదురుపెట్టొద్దు. మూసిన తలుపుకు అటూ ఇటూ ఉంచి, ముందు ఒకదాని దుప్పటి ఇంకోదానికి వేయండి.

9. ఎత్తుకోవాలని ఆత్రపడకండి. ఆ గదిలో నేల మీద కూర్చుని మీ పేపరు మీరు చదువుకోండి. అదే వస్తుంది. కొన్ని వారంలో వస్తాయి, కొన్నిటికి మూడు నెలలైనా పట్టొచ్చు. అప్పటిదాకా దాన్ని మరొకరికి ఇచ్చేసే మాట ఎత్తకండి.